పద్నాలుగో అంశం

మినిట్స్ రాయడం నా పని.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఎన్ని చేతులు లేచాయి, అంతవరకే.
ఎవరి గొంతు ఎక్కడ జీరబోయిందో రాయకూడదని
చేరిన వారంలోనే చెప్పారు.

ఆ సోమవారం పద్నాలుగో అంశం:
హైవే పక్కన మూతబడ్డ మోటెల్, ఇరవై రెండు గదులు.
కొనడానికి నోరీన్ డిఫో వాళ్ళ సంస్థ సిద్ధం.
పైకప్పుకీ, బాయిలర్‌కీ, రాత్రి కాపలాకీ, ఒక నర్సుకీ
కౌన్సిల్ డబ్బివ్వాలి.
సుపీరియర్ సరస్సు మీంచి వీచే గాలికి
సిటీ హాలు కిటికీలు పళ్ళు టకటకలాడిస్తున్నాయి.

మనిషికి మూడు నిమిషాలు.
టైర్ల షాపు లైల్ సాండ్‌విక్ మూడూ వాడుకున్నాడు.
చెడ్డవాడు కాదు. నా కారు మంచులో దిగబడితే
పైసా తీసుకోకుండా లాగినవాడే.
"నాకూ జాలుంది, కానీ నా గోడ పక్కన వద్దు" అన్నాడు.
'కానీ'కి ముందున్న మాట చప్పట్లలో మునిగిపోయింది.

నోరీన్ లెక్కలు చదివింది.
అంబులెన్సు ఒకసారి కదిలితే ఎంత,
జైల్లో ఒక రాత్రికి ఎంత,
గదిలో ఒక రాత్రికి ఎంత.
మనిషిని బయట ఉంచడమే మనకి ఎక్కువ ఖర్చంది.
లెక్క సరిపోయింది.
దయని రశీదులతో రుజువు చేయాల్సి వచ్చినందుకో,
ఒట్టి చలికో, ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత ఒకాయన, టోపీ చేత్తో పట్టుకుని.
ఇనపఖనిజం ఓడల్లో పంతొమ్మిదేళ్ళు వంట చేశాడట.
నియమం ప్రకారం ముందు పేరు, తర్వాత చిరునామా చెప్పాలి.
"ఆర్విడ్ కోస్కి" అన్నాడు.
ఆగాడు.
అధ్యక్షురాలు సర్దిన కాగితాలే మళ్ళీ సర్దింది.
నేను కలం గాల్లో పట్టుకుని ఉన్నాను.
"లైబ్రరీ వెనక, వేడిగాలి వదిలే జాలీ దగ్గర.
ఎనిమిది దాకా. ఎనిమిదికి లోపలికి రానిస్తారు."
మిగిలిన రెండు నిమిషాలూ మైకు దగ్గరే వదిలేసి
వెళ్ళి కూచున్నాడు.
అన్నది అన్నట్టే రాసేశాను.
మర్నాడు పై అధికారి ఆ వాక్యం కొట్టేశాడు.

ఐదుకి నాలుగు.
ఆమోదం.
ఒక్క ఏడాదికి.

మే నెలలో ఫారం పట్టుకుని తనిఖీకి వెళ్ళాను.
నడవాలో కొత్త రంగు వాసన,
దాన్ని తోసుకుంటూ ఎవరి గదిలోంచో ఉల్లిపాయల వేపుడు.
తొమ్మిదో గది ముందు ఆర్విడ్.
తాళం వేశాడు. రెండడుగులు వేశాడు.
వెనక్కొచ్చి తాళం తీశాడు.
లోపలికెళ్ళి, బయటికొచ్చి, మళ్ళీ తాళం.
నన్ను చూసి సిగ్గుపడలేదు.
"చూస్తున్నా, ఇంకా నాదేనా అని."

మొదటి వారం బూట్లని మంచమ్మీద పెట్టి
తను కింద పడుకునేవాడని నర్సు చెప్పింది.
రెండు చలికాలాల్లో పోయింది బూట్లే మరి.

నిలువ నీడ అంటాం.
మా ఊళ్ళో నీడకేం కరువు, ఏడు నెలలు అదే.
తల దాచుకోవడం అంటాం.
ఇన్నేళ్ళూ ఆయన చేసింది దాచుకోవడమే కదా,
పోలీసు టార్చికీ, రాళ్ళేసే కుర్రాళ్ళకీ దొరక్కుండా.
ఇప్పుడే కదా తల బయటపెట్టింది,
ఒక తలుపులోంచి.

ఫారంలో 'ఫలితాలు' గడి అంగుళం వెడల్పు.
'గది 9: భర్తీ' అని రాశాను.

లైల్ కంచె కట్టాడు, నిలువెత్తున.
కంచెకి ఒక గేటు పెట్టాడు.
ఎందుకో చెప్పలేదు.

అక్టోబరు. బడ్జెట్ ముసాయిదా టైపు చేస్తున్నాను.
ఈసారి అది ముప్పై ఒకటో అంశం.
అక్కడికి చేరేసరికి రాత్రి పదకొండవుతుంది,
సగం కుర్చీలు ఇంటికెళ్ళిపోతాయి.
మాట్లాడేవాళ్ళ జాబితాలో అప్పుడే ఒక పేరుంది.
చిరునామా గడిలో వంకర అక్షరాలు: గది 9.
దారంతో కట్టిన పెన్ను బల్ల మీదే ఉంది.
ఆయన మాత్రం పెన్సిల్‌తో రాశాడు.